జీరో కమీషన్ అంటే ఖర్చు జీరో కాదు

విశాఖ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: ఆన్‌లైన్‌లో అమ్మితే అద్దె లేదు, అడ్వాన్సు లేదు. కమీషన్ కూడా జీరో అయిపోయింది. జీఎస్టీ నంబరు అక్కర్లేదు. దేశమంతా మీ కొట్టే. పెద్దా చిన్నా అందరికీ అవకాశం ఒక్కటే. ఇంకా పూర్ణా మార్కెట్లో, డాబాగార్డెన్స్‌లో షట్టర్ ఎత్తి కూర్చునేవాళ్ళది ఉత్త బద్ధకం.

చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. ఆన్‌లైన్ సెటిల్మెంట్ షీట్లు, అంటే ఒక్కో ఆర్డరులో సైట్లు ఎంత కోసుకుని ఎంత చేతికిచ్చాయో చూపే లెక్కలు, రోజూ చూస్తుంటాను. ఈ పోస్టు నమ్మి ఎవరైనా కొట్టు ఖాళీ చేస్తారేమో అన్న టెన్షన్‌తోనే ఇది రాస్తున్నాను.

జీరో కమీషన్ మాట పూర్తిగా అబద్ధం కాదు. మీషో 2021లోనే కమీషన్ ఎత్తేసింది. అమెజాన్ 2025 ఏప్రిల్‌లో 300 రూపాయల లోపు చాలా రకాల సరుకు మీద రిఫరల్ ఫీజు (అక్కడ కమీషన్ పేరు అదే) తీసేసింది. కానీ షీటులో కమీషన్ ఒక్క లైనే. దాని కింద షిప్పింగ్, చాలాచోట్ల ఆర్డరుకింత అని ఫిక్స్‌డ్ ఫీజు, యాడ్స్ ఖర్చు ఉంటాయి. వీటి మీద 18 శాతం జీఎస్టీ. రెగ్యులర్ స్కీములో, అంటే మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టేవాళ్ళకి అది క్రెడిట్‌గా, తాము కట్టాల్సిన పన్నులో కలిసొస్తుంది, మిగతావాళ్ళకి చేతి చమురు వదిలినట్టే.

ఏటికొప్పాక లక్క బొమ్మల సెట్టునే చూడండి. అంకుడు కర్ర తేలిక. చిన్న సెట్టు అర కిలో కూడా తూగదు. దారిలో విరగకుండా బబుల్ ర్యాప్ చుట్టి 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్న డబ్బాలో పెట్టాం అనుకోండి. షిప్పింగ్ వాళ్ళ లెక్క ప్రకారం ఈ మూడూ గుణించి 5000తో భాగిస్తే 1.8 కిలోలు. తూకం బరువు, ఈ లెక్క బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మనం కట్టేదాంట్లో ఎక్కువ భాగం డబ్బాలోని గాలికే.

సెట్టు ధర 500 అనుకుందాం. షిప్పింగ్ 110, ఫిక్స్‌డ్ ఫీజు 25, యాడ్స్ 40, ప్యాకింగ్ 30. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. కమీషన్ జీరో అయినా చేతికొచ్చేది 295. సరుకు కొన్న ధర 200 అయితే లాభం 95. అదే ఆర్డరు వెనక్కొచ్చి, రానుపోను షిప్పింగ్ మన నెత్తిన పడితే యాడ్స్, ప్యాకింగ్‌తో కలిపి 290 పోతుంది. ఒక్క రిటర్న్ మూడు ఆర్డర్ల లాభం మింగేస్తుంది. బొమ్మ ముక్కు విరిగి వచ్చిందా, ఆ నష్టం వేరే. క్లెయిమ్ పెట్టాలంటే పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీసి ఉండాలి, గడువు దాటకుండా అప్‌లోడ్ చేయాలి.

అద్దె లేదన్న మాటకి జవాబు కూడా ఇందులోనే ఉంది. కొట్టు అద్దె నెలకెంతో ముందే తెలుసు. బేరం బాగా సాగిందని ఆ నెల పెరగదు. చేతిలో డబ్బు ఆడకపోతే ఓనరుని నాలుగు రోజులు ఆగమని అడగొచ్చు. ఆన్‌లైన్‌లో ప్రతి ఆర్డరుకీ అద్దె కడుతున్నాం. రేటు మారిస్తే ఈ-మెయిల్ వస్తుంది, అంతే. ఎవరితో బేరమాడతాం?

జీఎస్టీ అక్కర్లేదు, దేశమంతా మీ కొట్టే అన్న రెండు మాటలకీ పొత్తే కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారులు కూడా మార్కెట్‌ప్లేస్‌లలో, అంటే అమెజాన్, మీషో లాంటి సైట్లలో సరుకు అమ్ముకోవచ్చు, నిజమే. కానీ జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. అంటే విశాఖ నుంచి భువనేశ్వర్‌కే కాదు, హైదరాబాద్‌కి కూడా పంపకూడదు. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారుల కోసం ఉన్న తేలిక జీఎస్టీ స్కీములో ఉన్నవాళ్ళకీ ఇదే హద్దు.

అందరికీ అవకాశం ఒక్కటే అన్నదానికి రుజువులు అటువైపు లేవు. వెతికినప్పుడు పైన కనిపించే వరసలో యాడ్స్‌కి డబ్బు పెట్టినవాళ్ళ సరుకు ఉంటుంది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు తమకు వాటా ఉన్న కంపెనీల సరుకు అమ్మించకూడదని 2019 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఢిల్లీ వ్యాపార మహాసంఘ్ ఫిర్యాదు మీద 2020 జనవరిలో వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై దర్యాప్తుకు ఆదేశించింది. కొందరు అమ్మకందారులకే ప్రాధాన్యం ఇచ్చారని దర్యాప్తు నివేదికలు చెప్పినట్టు 2024లో వార్తలొచ్చాయి. కంపెనీలు తప్పు చేయలేదంటున్నాయి. అమెరికాలోనైతే అమ్మకందారులు తమ రాబడిలో దాదాపు సగం అమెజాన్‌కే కడుతున్నారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 సెప్టెంబరులో దావా వేసింది.

ఇక బద్ధకం. ఈ మాటకే నాకు ఎక్కువ బాధేసింది. పొద్దున షట్టర్ ఎత్తి రాత్రి భోజనాల వేళ దాకా నిలబడేవాళ్ళు వీళ్ళు. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి, ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని, పాడేరుకీ శ్రీకాకుళానికీ ఆర్టీసీ కార్గోలో పార్సిళ్ళు పంపుతున్నవాళ్ళు వీళ్ళలో ఎంతోమంది ఉన్నారు.

ఆన్‌లైన్ వద్దని నేననను. తేలికైన, విరగని, మార్జిన్ ఉన్న సరుకు, అరకు కాఫీ పొడి లాంటిది, అక్కడ బాగా పోవచ్చు. కొట్టు ఉంచుకుని, రెండు మూడు ఐటమ్స్‌తో మొదలుపెట్టి, బ్యాంకులో పడిన డబ్బుతో లెక్క చూసుకోండి. ఆ పోస్టు రాసినవారికి నా విన్నపం ఒక్కటే: ఒక నెల సెటిల్మెంట్ షీటు, వెనక్కొచ్చిన ఆర్డర్లతో సహా, మొత్తం అదే గ్రూపులో పెట్టండి.