ఫ్యూజు తీసేస్తే బాస్ పెరగదు, బండి అంటుకుంటుంది

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఐదోసారి. మొదట మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఆ తర్వాత మా పెద్ద మేనమామ గుడ్ మార్నింగ్ గులాబీతో కలిపి పంపాడు. ఆయనకి కారే లేదు. నిన్న రాత్రి బ్యాచ్ గ్రూపులోనే ఇంకొకడు "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" గుర్తుతో సహా మళ్లీ పెట్టి, కింద "సూపర్ రా, నేను ట్రై చేస్తున్నా" అని రాశాడు. ఆ ఒక్క మాట చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

చూడనివాళ్ల కోసం: "కారు ఆడియో షాపులవాళ్లు మీకు చెప్పని 8 రహస్యాలు, రూపాయి ఖర్చు లేకుండా సౌండు డబుల్" అనేది దాని మకుటం. రూపాయి ఖర్చు లేదంటూనే రెండో పాయింటులో బంగారు పూత కేబుల్, ఐదో పాయింటులో కొత్త స్క్రీను కొనమంటుంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, ఇంతమందిలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

చిల్లర పాయింట్లు ముందు తేల్చేస్తాను. బంగారు పూత యూఎస్‌బీ కేబుల్: అందులో వెళ్లేవి ఒకట్లూ సున్నాలూ. అవి చేరితే పాట వస్తుంది, చేరకపోతే ఆగిపోతుంది. బంగారం చూసి ఒకటి ఇంకాస్త మెరవదు. స్పీకరు వెనక ఇంకో అయస్కాంతం అతికించమన్న ఆరో పాయింటు: తేడా మీ చెవికి అందదు గానీ, గతుకుల్లో ఆ అయస్కాంతం ఊడి తలుపులోకి జారి అద్దం దించే మెకానిజంలో ఇరుక్కుంటే మాత్రం చక్కగా వినపడుతుంది. ఫేడర్‌ని, అంటే ముందు వెనక స్పీకర్ల మధ్య సౌండు పంచేదాన్ని, మొత్తం వెనక్కి తిప్పమన్న ఎనిమిదో పాయింటు: డిక్కీ ఉన్న కార్లలో వెనక ఓవల్ స్పీకర్లకి బాస్, అంటే దిమ్మదిమ్మనే కింది శబ్దం, కాస్త ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ గాయకుడు మీ ఎదురుగా పాడాలా, మీ మెడ వెనక నిలబడి పాడాలా?

మూడోది: పాత ఎంపీ3 పాటల్ని 320 కేబీపీఎస్‌కి (సెకనుకి అన్ని కిలోబిట్లు) గానీ, ఏమీ కోయకుండా దాచే ఫ్లాక్ ఫార్మాట్‌కి గానీ మారిస్తే సీడీ క్వాలిటీ వస్తుందట. నీళ్లు కలిపిన పాలని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? 128 కేబీపీఎస్‌కి కుదించినప్పుడే 16 కిలోహెర్ట్జ్ పైనున్న సన్నటి కీచు శబ్దం దాదాపు అంతా కోసేస్తారు. ఆ కోసిన ముక్క మళ్లీ ఎక్కడినుంచి వస్తుంది? పెన్‌డ్రైవ్ నిండుతుంది, అంతే. అసలు నలభై దాటిన మన బ్యాచ్‌లో 16 కిలోహెర్ట్జ్ వినపడేవాడెవడో చేయెత్తండి. 128తో వచ్చే అసలు తంటా అది కాదు. తాళాలు, చప్పట్లు నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటాయి. దానికి మందు ఆ పాటని సరైన చోటునుంచి మళ్లీ తెచ్చుకోవడమే. ఘంటసాల నాటి పాటలైతే రికార్డింగే మోనో, అంటే ఒక్కటే చానల్, మీరు ఎన్నిసార్లు మార్చినా రెండో చానల్ పుట్టదు. అయినా అవి ఎంత బాగుంటాయి, అది వేరే కథ.

నాలుగోది బ్లూటూత్ మీద. బ్లూటూత్‌లో సగం సౌండు పోతుంది కాబట్టి ఆక్స్ వైరే వాడాలట. సగం అన్న లెక్క ఎవరు వేశారో గానీ, పాటని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల్లో అన్నిటికన్నా మామూలుదైన ఎస్‌బీసీ కోడెక్ కూడా మంచి సెట్టింగులో 328 కేబీపీఎస్ పంపుతుంది. ఏసీ బ్లోయర్ మూడులో పెట్టి హైవే మీద తొంభైలో వెళ్తూ దానికీ వైరుకీ తేడా పట్టేవాడికి దండం పెడతాను. ఫోను యాప్‌లని కారు స్క్రీను మీదికి తెచ్చే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోలో పాట వెళ్లేది బ్లూటూత్‌లో కాదు, వైఫైలో. పైగా ఫోను చార్జింగులో పెట్టి ఆక్స్ గుచ్చితే ఇంజిన్‌తో పాటు ఎక్కీ దిగే గుయ్యిమనే మోత ఉచితం. మీకు బ్లూటూత్‌లో సౌండు నీరసంగా ఉంటే రెండే రెండు చూడండి. ఫోను వాల్యూమ్ సగంలో పెట్టి కారు వాల్యూమ్ ముప్పైకి తిప్పుతున్నారేమో, పాటల యాప్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో. మా ఇంట్లో రెండోదే కారణం. మూడు నెలలు స్పీకర్లని తిట్టాను.

ఐదోది: కంపెనీ సెట్ తీసేసి "4x60 వాట్స్" అని రాసున్న ఆండ్రాయిడ్ స్క్రీను పెడితే పవర్ మూడింతలట. స్క్రీను పెట్టుకోండి, మ్యాపు పెద్దగా కనపడుతుంది. సౌండు సంగతికి మాత్రం ఒక చిన్న లెక్క. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మనకున్నది 14.4 వోల్టులు. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ లేని మామూలు సెట్‌లో 4 ఓమ్‌ల స్పీకరుకి సౌండు చీలకుండా, అంటే అల కొసలు తెగి గరగరలాడకుండా, వెళ్లగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లు. చిప్‌లో పోయేది పోగా చేతికి వచ్చేది ఇరవై చిల్లర. మరి పెట్టె మీద 50, 60 ఎక్కడివి? అదే 14.4 వోల్టుల్ని పూర్తిగా చీల్చి, అల అన్నది లేకుండా గోడలా నిలబెడితే 52 వస్తుంది. అంటే పెట్టె మీద వేసిన అంకె పాట వాట్లు కావు, రంపపు మోత వాట్లు. నమ్మకపోతే ఆ స్క్రీను వెనక ఫ్యూజు చూడండి, చాలావాటికి 15 ఆంపియర్లే ఉంటుంది. 15ని 14.4తో గుణిస్తే 216. లోపలికి వెళ్లేదే 216 వాట్లైతే బయటికి 240 ఎలా వస్తాయో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి. ఇంకోటి, వాట్లు నిజంగానే రెట్టింపు అయినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఇక ఏడో పాయింటు. ఇంతవరకూ ఉన్నవి డబ్బు దండగ, టైము దండగ. ఇది అలాంటిది కాదు.

అది చెప్పేదేమిటంటే (ఆంప్ అంటే స్పీకర్లకి బలమిచ్చే యాంప్లిఫయర్ పెట్టె): "ఆంప్‌కి వెళ్లే కరెంటుని ఫ్యూజు అడ్డుకుంటుంది. 30 ఆంపియర్లది బదులు 80 వేయండి, లేదా ఫ్యూజు తీసేసి బ్యాటరీ నుంచి డైరెక్ట్ వైరు లాగండి. బాస్ ఒక్కసారిగా డబుల్." దీనికింద మన గ్రూపులో పద్నాలుగు బొటనవేళ్లు.

ఫ్యూజు కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చూద్దాం. దాని నిరోధం ఏవో కొన్ని మిల్లీ ఓమ్‌లు. 20 ఆంపియర్లు వెళ్తున్నప్పుడు 3 మిల్లీ ఓమ్‌ల దగ్గర పడిపోయేది 0.06 వోల్టు. పద్నాలుగింట్లో అది పోతే బాస్‌కి కలిగే నష్టం సున్నా కింద లెక్క. మరి ఫ్యూజు తీసేస్తే నష్టం ఏమిటి? కారు బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్క క్షణంలో కక్కుతుంది. ఆ వైరు బానెట్‌లోంచి బయల్దేరి, ఇనప గోడలో బెజ్జం దాటి, కార్పెట్ కింద, సీటు పట్టాల పక్కనుంచి డిక్కీ దాకా ఐదారు మీటర్లు పాకుతుంది. దారిలో ఎక్కడ రేకు అంచుకి రాసుకుని తోలు ఊడినా, అడ్డుకునేవాడు ఎవడూ లేడు. రెట్టింపు కరెంటు వెళ్తే వైరులో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. పదింతలు వెళ్తే వందింతలు. దాని మీద పరిచి ఉన్నది కార్పెట్, ఫోము. పైన కూర్చున్నది మనవాళ్లు.

"ఆంప్‌కే ఫ్యూజు ఉంది కదా" అని ఒకడు గ్రూపులో తెలివిగా అడిగాడు. ఉంది, అది ఆంప్ కోసం. బ్యాటరీకీ ఆంప్‌కీ మధ్యనున్న ఆ ఐదు మీటర్ల వైరుకి ఎవరున్నారు? అందుకే ఫ్యూజుని బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల దూరంలో, 45 సెంటీమీటర్లు దాటకుండా పెడతారు. అది ఆంప్ వాట్లని బట్టి మాత్రమే వేసేది కాదు, వైరు మందాన్ని బట్టి వేసేది. దీంట్లో ఇంకో మోసం ఉంది. చవక కిట్లలో లావుగా కనపడేది రాగి పూత పూసిన అల్యూమినియం, పైగా సగం మందం ప్లాస్టిక్కే. దానిమీద "4 గేజ్" అని వైరు మందం గుర్తు రాసుందని నమ్మి 80 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, ఫ్యూజుకన్నా ముందు వైరే పోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా బావమరిది కారులో ముందు సీటు కింద ఆంప్ పెట్టించాడు. రెండు వారాల్లో నాలుగుసార్లు ఫ్యూజు పోయింది. షాపుకి వెళ్లి గొడవపడితే వాళ్లు పెద్దది వేసి పంపారు. సమస్య తీరింది. పది రోజులకి పెళ్లికి వెళ్తూ వెనక సీట్లో మా అత్తగారు "ఏదో కాలుతున్న వాసన వస్తోంది, అల్లుడుగారూ" అన్నారు. బయట చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాం. రెండు నిమిషాలకి సీటు కిందనుంచి పొగ. బండి పక్కకి ఆపి, అందరినీ దింపి, వాడు పదో నంబరు స్పానర్ వెతికి బ్యాటరీ మైనస్ విప్పేదాకా మా గుండెలు ఎక్కడున్నాయో తెలియదు. తర్వాత విప్పి చూస్తే సీటు పట్టా కింద నలిగిన వైరు, అరచేతి వెడల్పున కరిగిన కార్పెట్. అంటే ఫ్యూజు ఆ రెండు వారాలూ నాలుగుసార్లు చచ్చి మరీ చెప్పింది, వైరు ఎక్కడో నలుగుతోందని. మేం దాని నోరు మూయించాం. షాపులో అడిగితే "ఫ్యూజు ఊరికే పోతోందని మీరే కదా సార్ అన్నారు" అన్నారు. అదీ నిజమే.

మన ఇళ్లలో ఒకప్పుడు ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని కిట్‌క్యాట్‌లో, అంటే ఆ పింగాణీ ఫ్యూజు డబ్బాలో, లావు తీగ చుట్టేవాళ్లు గుర్తుందా? ఇదీ అదే తెలివి, చక్రాల మీద. దయచేసి సిగరెట్ పెట్టె రేకు చుట్టే ఐడియా ఇంకెవరూ కింద కామెంట్లో రాయకండి. రాశారు కూడా, ఆ మహాశయుడు ఎలక్ట్రికల్ బ్రాంచి.

ఇక మొదటి పాయింటు. "కంపెనీ వాళ్లు కావాలనే సౌండు దాచేస్తారు, బాస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ మూడూ ఫుల్‌లో పెట్టి బయటికి తీయండి." (ట్రెబుల్ అంటే సన్నటి పై శబ్దాలు, లౌడ్‌నెస్ అంటే తక్కువ వాల్యూమ్‌లో బాస్ తగ్గకుండా పెంచే బటన్.) దీన్ని చీల్చి చెండాడదామనే మొదలుపెట్టాను. కుదరలేదు. ఎందుకంటే మొదటి సగం నిజం. చాలా కంపెనీ సెట్లలో వాల్యూమ్ పెంచేకొద్దీ బాస్‌ని లోలోపలే తగ్గించేస్తారు. పదిలో దిమ్మ అదిరి, పాతికకి వచ్చేసరికి పాట రేకు డబ్బాలో పాడినట్టు అవుతుందే, అది మీ భ్రమ కాదు. పలచటి స్పీకర్లు పెట్టి, అవి చిరిగి వారంటీకి తిరిగి రాకుండా చేసుకున్న ఏర్పాటు. కాబట్టి దాస్తారన్న మాట ఒప్పుకుంటున్నాను. ఆ మెసేజ్‌కి ఇది నా సంతాప సూచకంగా ఇచ్చిన మార్కు.

కానీ మందు మాత్రం తప్పు. బాస్ 10 డెసిబెల్స్ పెంచితే అక్కడ పదింతల వాట్లు కావాలి. ఉన్నవే ఇరవై. లేనివి అడిగితే ఆంప్ అలని చీలుస్తుంది, స్పీకరు కాయిల్ వేడెక్కుతుంది, నాలుగు నెలల్లో గరగర మొదలవుతుంది. బాస్ రెండు మెట్లు, ట్రెబుల్ ఒక మెట్టు, లౌడ్‌నెస్ తక్కువ వాల్యూమ్‌లో మాత్రమే. అంతకు మించి కావాలంటే విడిగా ఆంపే దారి, ఫ్యూజుతో సహా.

"అన్నీ తప్పంటావు, మరి ఏం చేయమంటావు రా?" అని ఎలాగూ అడుగుతారు. ఎనిమిది రహస్యాల్లో ఎక్కడా లేనిది తలుపు. స్పీకరు ముందుకెంత కొడుతుందో వెనక్కీ అంతే కొడుతుంది. మన తలుపు లోపలి రేకు నిండా బెజ్జాలు. వెనకది ఆ బెజ్జాల్లోంచి వచ్చి ముందుదాన్ని కలిసి బాస్‌ని మింగేస్తుంది. ముందు రెండు తలుపులకి అదురు తగ్గించే బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీటు వేయించి ఆ బెజ్జాలు మూయిస్తే, ఉన్న స్పీకర్లే కొత్తవాటిలా పలుకుతాయి. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వకండి. మూస్తే మొదటి వానాకాలానికే తలుపులో చెరువు, రెండో వానాకాలానికి తుప్పు.

అంతకన్నా ముందు, నిజంగానే రూపాయి ఖర్చు లేనిది ఒకటుంది. ఎడమ కుడి స్పీకర్ల బ్యాలెన్స్ మధ్యలో పెట్టి బాస్ వినండి, తర్వాత మొత్తం ఒక పక్కకి తిప్పి వినండి. ఒక పక్కకి తిప్పినప్పుడే బాస్ ఎక్కువగా ఉంటే, ఎవరో ఒక స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ తిరగేసి కలిపారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఆ రెండు వైర్లూ మారిస్తే పని అయిపోయింది. స్పీకర్లు మార్పించినవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఏడో పాయింటు ఇప్పటికే చేసేసినవాళ్లు మన గ్రూపులో ఇద్దరున్నారు, నాకు తెలుసు, పేర్లు రాయను. ఇవాళ బండి తీయకముందు మైనస్ టెర్మినల్ విప్పండి. బ్యాటరీ నుంచి ఆంప్‌కి వెళ్లే వైరుని చేత్తో పట్టుకుని చివరిదాకా, సీటు పట్టాల కింద కూడా, తడుముకుంటూ వెళ్లండి. ఎక్కడా నలగలేదనుకున్నాకే సరైన ఫ్యూజు వేసి బిగించండి. పదో నంబరు స్పానర్ లేకపోతే ఫోన్ చేయండి, నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఎప్పుడూ డాష్‌బోర్డులోనే ఉంటుంది.