గోలొక్కటే బాకీ

భారత ఫుట్‌బాల్ జట్టు ఆత్మవిశ్వాసం పెరుగుతోంది. ఇది మా సొంత కవిత్వం కాదు, మ్యాచ్ అయిన ప్రతిసారీ ప్రెస్‌మీట్‌లో అధికారికంగా తెలిసే సంగతే. గెలిస్తే పెరుగుతుంది. డ్రా అయితే, ఓడలేదు కాబట్టి పెరుగుతుంది. ఓడితే కుర్రాళ్లకు అనుభవం వచ్చింది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది. మధ్యలో స్పెయిన్ నుంచి వచ్చిన మన జట్టు కోచ్ మనోలో మార్కెజ్ ఒక్కడే ఈ ఆచారం తెలియక, 2025 మార్చిలో బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా అయ్యాక తనకు కోపంగా ఉందని, నిరాశగా ఉందని పబ్లిగ్గా చెప్పేశాడు. జులై వచ్చేసరికి ఆయన ఉద్యోగంలో లేడు.

2023 జులైలో ఫిఫా ర్యాంకుల్లో మనది 99వ స్థానం. 2025 నవంబరుకి 142. గిట్టనివాళ్లు నోరు పారేసుకునేది ఇక్కడే. కాస్త నిదానంగా ఆలోచించండి. 99లో ఉన్నవాడికి ఎక్కడానికి 98 మెట్లే మిగులుతాయి. 142లో ఉన్నవాడికి 141 ఉంటాయి. రెండేళ్లు తిరక్కముందే ఎదగడానికి ఇంత జాగా సంపాదించుకున్న సంస్థ దేశంలో ఇంకొకటి ఉంటే చూపించండి, సన్మానం చేద్దాం. (రెండేళ్లు కాదు, రెండేళ్ల నాలుగు నెలలు అని లెక్క తేల్చేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లకి శాలువా ఉండదు.)

అసలు ఈ ఆత్మవిశ్వాసానికి పునాది పడింది 2023లోనే. ఆ ఏడాది ఇంఫాల్‌లో మూడు దేశాల టోర్నీ గెలిచాం. భువనేశ్వర్‌లో లెబనాన్‌ని 2-0తో కొట్టి ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఎత్తాం. బెంగళూరులో కువైట్‌ని పెనాల్టీల్లో ఓడించి దక్షిణాసియా దేశాల శాఫ్ కప్పు కూడా పట్టాం. మూడూ మన ఊళ్లలోనే జరిగాయని కొందరు వంక పెడతారు. మనింట్లో మనం ధైర్యంగా ఉండటం కూడా తప్పేనా? పైగా నవంబరులో కువైట్ వెళ్లి మరీ 1-0తో గెలిచొచ్చాం. ఆ ఊపులో 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్‌కి వెళ్లాం. ఆస్ట్రేలియా మీద 0-2, ఉజ్బెకిస్తాన్ మీద 0-3, సిరియా మీద 0-1. మూడు మ్యాచ్‌ల్లోనూ మన అంకె మారలేదు. నిలకడ అంటే అదే.

ఈ విశ్వాసం ఊరికే రాలేదు, డబ్బు పెట్టి కొన్నాం. 2022లో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌ల ముందు ఆటగాళ్లలో స్ఫూర్తి నింపడానికి భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ఏజెన్సీని పెట్టుకుందని, తీరా చూస్తే అది జ్యోతిషం చెప్పే కంపెనీ అని, ఖర్చు 16 లక్షలని వార్తలొచ్చాయి. జనం నవ్వారు. నవ్వడం తేలిక. కోల్‌కతాలో ఆ మూడు మ్యాచ్‌లూ గెలిచాం కదా! కంబోడియా మీద రెండు గోల్స్, అఫ్గానిస్తాన్ మీద ఆఖర్లో ఒక ఫ్రీకిక్, హాంకాంగ్ మీద ఒకటి, మొత్తం నాలుగు గోల్స్ సునీల్ ఛెత్రి కొట్టాడు. మిగతా ఘనత గురుడిదో శుక్రుడిదో పంచాంగం చూడాలి. ఛెత్రి మాత్రం విడిగా బిల్లు వేసినట్టు లేదు.

పేరొచ్చింది కాబట్టి మన స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టాల్సిన ఆటగాడి, బలాబలాల మీద సమగ్ర సమీక్ష ఇక్కడే చేసేద్దాం.

ఛెత్రి మనవాడు. 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఉండటం వల్ల అక్కడ పుట్టడం తప్ప ఆ ఊరితో అతనికి పెద్ద లావాదేవీలేమీ లేవు. అయినా పుట్టినవాళ్లని వదిలే అలవాటు మనకు లేదు. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి మ్యాచ్, అందులోనే మొదటి గోల్. అక్కణ్ణుంచి మొత్తం 95. దేశం తరఫున కొట్టిన గోల్స్‌లో రొనాల్డో, మెస్సీ, ఇరాన్ అలీ దాయీ తర్వాత పేరు ఇతనిదే. 'కొట్టింది ఎవరి మీద?' అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. మాల్దీవుల మీద, నేపాల్ మీద కొట్టిన మాట నిజమే. ఆ మాల్దీవులూ ఆ నేపాలూ మన మిగతా ఫార్వర్డ్‌లకీ ఎదురుపడ్డాయి. వాళ్లు పలకరించి వచ్చేశారు.

ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఆరడుగుల డిఫెండర్ల మధ్య తలతో గోల్స్ కొట్టాడంటే ఎగరడం ఒక్కటే చాలదు. బంతి ఎక్కడ పడుతుందో అందరికంటే ఒక క్షణం ముందు కనిపెట్టి, డిఫెండర్ వీపు వెనక నుంచి ముందుకు జారాలి. అతని అసలు విద్య అదే. పరుగులో అతన్ని మించినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, డ్రిబ్లింగ్‌లో అయితే చాలామందే ఉన్నారు. పెనాల్టీ దగ్గర చెయ్యి వణకనివాళ్లే తక్కువ. వీటన్నిటి మీద ఇంకో డ్యూటీ కూడా చేశాడు. 2018లో ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొడితే చూడ్డానికి వచ్చింది 2,569 మంది. అప్పుడు ఒక వీడియో పెట్టి, మమ్మల్ని తిట్టాలన్నా సరే, స్టేడియానికి వచ్చి తిట్టండని బతిమాలాడు. తర్వాతి మ్యాచ్‌కి టికెట్లు అయిపోయాయి. గోల్ కొట్టడం, టికెట్లు అమ్మడం రెండూ ఒక్కడే చూసుకునే ఏర్పాటు సమాఖ్యకి ఎంత సుఖమో చెప్పాలా?

ఇక బలహీనతలు. నిష్పక్షపాతంగా చెప్పాలి. అతనికి వయసు పెరుగుతుంది. ఈ సంగతి 1984 నుంచీ రికార్డుల్లో ఉన్నా, సమాఖ్య దృష్టికి 2024లో వచ్చినట్టుంది. రెండో బలహీనత ఇంకా ఘోరం: అతను ఒక్కడే ఉన్నాడు.

2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్‌ స్టేడియంలో కువైట్‌తో 0-0 ఆడి, కన్నీళ్లతో సెలవు తీసుకున్నాడు. దేశం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొట్టాక వెనక్కి తిరిగి చూస్తే ప్రధాన స్ట్రైకర్‌కి గుర్తయిన తొమ్మిదో నంబరు చొక్కాకి మనిషి లేడు.

ఆ తర్వాతి అంకం తెలుగువాళ్లకి మరీ బాగా గుర్తుండాలి, గచ్చిబౌలిలోనే జరిగింది. 2024 సెప్టెంబరులో 179వ ర్యాంకు మారిషస్‌తో 0-0. సిరియా చేతిలో 0-3. నవంబరులో మలేషియాతో 1-1. మూడు మ్యాచ్‌లకి టికెట్ కొన్న హైదరాబాదీకి మన జట్టు చూపించిన గోల్ ఒక్కటి. కొట్టింది రాహుల్ భేకే. ఆయన డిఫెండర్.

డిఫెండర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. కొత్త తరం స్ట్రైకర్ల గొప్ప బలం అదే: డిఫెండర్లకి దారి వదలడం. 2025 మార్చిలో మాల్దీవుల మీద మొదటి గోల్ మళ్లీ భేకే. ఆగస్టులో తజికిస్తాన్ మీద 2-1తో గెలిస్తే ఆ రెండూ అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్ కొట్టినవి. ఇద్దరూ డిఫెండర్లే. మన స్ట్రైకర్ ప్రత్యర్థి మీద ఒత్తిడి పెడతాడు, పరుగెడతాడు, ఖాళీలు సృష్టిస్తాడు, ప్రత్యర్థి డిఫెండర్లని పక్కకి లాక్కుపోతాడు, అవకాశం పోయినప్పుడు రెండు చేతులూ తలమీద పెట్టుకోవడంలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటిస్తాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

దీన్ని వైఫల్యం అనడం మన చరిత్ర తెలియకపోవడమే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్టాపర్‌గా, అంటే నడిమి డిఫెండర్‌గా ఆడే జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు. 2-1తో స్వర్ణం. రహీమ్ సాబ్ హైదరాబాద్ బడిపంతులు. కాబట్టి డిఫెండర్ చేత గోల్ కొట్టించడం మీద పేటెంటు మనదే. తేడా చిన్నది. రహీమ్ సాబ్ దగ్గర పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం లాంటి ఫార్వర్డ్‌లు ఉండి కూడా ఆ పని చేశాడు. ఇప్పుడు ఎవరూ లేక చేస్తున్నాం.

ఎవరూ ఎందుకు లేరు? ఇది సున్నితమైన విషయం, గొంతు తగ్గించి మాట్లాడాలి. మన పెద్ద లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. 2025 దాకా పదకొండు సీజన్లు జరిగితే, అత్యధిక గోల్స్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడి కాలికి ఎక్కలేదు. క్లబ్బు యజమానికి ఈ సీజన్ గోల్స్ ఈ సీజన్లోనే కావాలి. అందుకని స్పెయిన్ నుంచో బ్రెజిల్ నుంచో నైజీరియా నుంచో తయారైన స్ట్రైకర్‌ని తెచ్చుకుంటాడు. అకాడమీలో తొమ్మిదో నంబరుగా పెరిగిన మన కుర్రాడు సీనియర్ జట్టులోకి రాగానే మైదానం అంచున వింగ్‌కి వెళ్తాడు, అక్కడా చోటు లేకపోతే వెనక డిఫెన్స్‌లో ఫుల్‌బ్యాక్ అవుతాడు, అదీ కాకపోతే 85వ నిమిషంలో దిగి చొక్కా నలగకుండా తిరిగొస్తాడు. అదే కుర్రాణ్ణి జాతీయ జట్టు పిలిచి, ఇదిగో గోల్, ఇక నీదే బాధ్యత అంటుంది. ఏడాదంతా వంటింటి గడప తొక్కనివ్వకుండా పెళ్లిరోజున వెయ్యిమందికి వండమన్నట్టు.

హైదరాబాద్‌కి దీని మీద ప్రత్యక్ష సాక్ష్యం ఉంది. 2021-22లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ చాంపియన్ అయింది. నైజీరియా స్ట్రైకర్ ఓగ్‌బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. కోచ్ ఎవరనుకున్నారు? పైన చెప్పిన మనోలో మార్కెజే. ఆయనే తర్వాత దేశం జట్టు పట్టుకుని ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచాడు. ఈలోగా మనిషి తెలివి తగ్గిపోయి ఉంటుందని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఓగ్‌బెచేకి భారత్ పాస్‌పోర్టు లేదన్న చిన్న వివరం సమీక్షల్లో పెద్దగా కనిపించదు. ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి పేరు కూడా మార్చుకుంది. ఆ దుఃఖం వేరే వ్యాసం.

మార్కెజ్ గెలిచిన ఆ ఒక్కటీ ఎలా గెలిచాడు? రిటైరైన ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలిచి. తప్పేముంది, 2024-25 లీగ్‌లో 14 గోల్స్ కొట్టి భారతీయుల్లో మొదటివాడిగా నిలిచింది అతనే మరి. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0, మూడోది ఛెత్రి తలతో. దేశం ఆత్మవిశ్వాసం ఆకాశాన్ని అంటింది. నలభై ఏళ్లాయన కొడితే యువతరం విశ్వాసం ఎలా పెరిగిందని అడగకండి, అది సాంకేతిక విషయం.

ఆ తర్వాత జూన్‌లో హాంకాంగ్ వెళ్లాం. మొదటి సగంలో చేతికందిన అవకాశాన్ని బయటికి కొట్టాం, ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి 0-1తో వచ్చాం. కోచ్ మారాడు. ఖాలిద్ జమీల్ వచ్చీ రాగానే తజికిస్తాన్‌లో ఆడిన కాఫా కప్ (మధ్య ఆసియా దేశాల టోర్నీ)లో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. ఇది నిజంగానే మంచి ఫలితం, వెటకారం లేకుండా చెబుతున్నాం. ఆ జట్టులో ఛెత్రి లేడు. ఇక ఛెత్రి లేకుండా బతకగలమని విశ్వాసం కలిగింది. విశ్వాసం కలిగాక మనం ఏం చేశాం? అక్టోబరులో సింగపూర్ మ్యాచ్‌లకి ఛెత్రిని పిలిచాం.

సింగపూర్‌లో 90వ నిమిషంలో రహీం అలీ గోల్‌తో 1-1. ప్రత్యర్థి డిఫెండర్ వెనక్కి ఇవ్వబోయిన బంతిని పట్టేసి కొట్టాడు. ఒక స్ట్రైకర్ కొట్టిన గోల్ కాబట్టి తేదీ రాసి పెట్టుకోండి: 2025 అక్టోబరు 9. అయిదు రోజులకి గోవాలోని మడగావ్‌లో ఛాంగ్తే గోల్‌తో ముందుకెళ్లి, రెండు తిని, 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ దారి మూసుకున్నాం. బంగ్లాదేశ్, హాంకాంగ్, సింగపూర్ ఉన్న ఆ గ్రూపు డ్రాలో మొదటి పాట్‌లోంచి, అంటే ర్యాంకు బాగున్నవాళ్ల కుండలోంచి, తీసిన జట్టు మనదే. ఛెత్రి రెండోసారి రిటైరయ్యాడు. ఈసారి చప్పట్లు కాస్త జాగ్రత్తగా కొట్టారు, మళ్లీ అవసరం పడుతుందేమోనని.

సమాఖ్య మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆస్ట్రేలియాలో పుట్టి బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతున్న ఫార్వర్డ్ ర్యాన్ విలియమ్స్ అక్కడి పాస్‌పోర్టు వదులుకుని భారత పౌరసత్వం తీసుకున్నాడు. మన స్ట్రైకర్ సమస్యకి పాస్‌పోర్ట్ ఆఫీసులో పరిష్కారం దొరకడం చూసి కళ్లు చెమర్చాయి. నవంబరులో ఢాకా వెళ్లిన జట్టుతో అతనూ వెళ్లాడు. తీరా అక్కడికెళ్లాక ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సంస్థ నుంచి రావాల్సిన ఎన్‌ఓసీ రాలేదు. జట్టు జాబితాలో పేరు పడలేదు. నవంబరు 18న మనం 0-1తో ఓడాం. బంగ్లాదేశ్ మన మీద గెలవడం 22 ఏళ్లలో అదే మొదటిసారి.

ఆ రోజు ఢాకాలో ఉన్న మన ఫార్వర్డ్‌లందరిలో ఒక్క అవకాశం కూడా పాడుచేయనివాడు విలియమ్సే.