పేనుబంక తరఫున ఒక మనవి

మా బాబాయి దోసపాదు ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు తిరగేశాడు. పైన పసుపూ పచ్చా కలిసిన మొజాయిక్ మచ్చలు. అడుగున ఈనెల వెంట బారులు తీరిన పేనుబంక, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగులు. "ఈ దరిద్రపువే రా, తోటంతా నాశనం చేసినవి" అన్నాడు. తీర్పు ఏకపక్షమని నాకనిపించింది. పెద్దాయన ముందు అనలేక ఇక్కడ మొరపెట్టుకుంటున్నాను.

అసలు ముద్దాయి కుకుంబర్ మొజాయిక్ వైరస్. దాని యావదాస్తి ఐదు ప్రొటీన్లు. కాళ్లు లేవు, రెక్కలు లేవు, బుర్ర అసలే లేదు. అయినా దాని పనితనం చూడండి. 2010లో అమెరికాలో మాక్, డి మొరేస్, మెషర్ అనే శాస్త్రవేత్తలు గుమ్మడి జాతి మొక్కల మీద గమనించిందిది: వైరస్ సోకిన మొక్క పేనుబంకను రప్పించే వాసనను మామూలు కంటే ఎక్కువగా వదులుతుంది. పురుగు లొట్టలేసుకుంటూ వచ్చి వాలుతుంది, మూతి గుచ్చి చూస్తుంది. రసం బాగోదు. కాసేపటికే లేచిపోతుంది.

హైవే పక్కన కొన్ని హోటళ్లుంటాయి. మసాలా వాసన టోల్‌గేటు దాకా కొడుతుంది, లోపలికెళ్తే ముద్ద దిగదు. వాటి ఓనర్లు ఏదో ఒకనాడు దివాలా తీస్తారు. ఈ ఓనరు తీయడు. ఇతగాడికి కావలసింది గిరాకీ కడుపు నిండటం కాదు, మూతి తుడుచుకోకుండా పక్కింటికి పోవడం. సూది మూతి కొసకు ఈ వైరస్ అంటుకోవడానికి సెకన్లు చాలు. అక్కడే తీరిగ్గా పీలుస్తూ కూర్చుంటే ఊడిపోతుంది. కాబట్టి వంట చెడగొట్టడమే ఇక్కడ వ్యాపారం.

గోధుమలో బార్లీ ఎల్లో డ్వార్ఫ్ వైరస్‌ది ఇంకా పెద్ద రాజకీయం. 2012లో తేలిందేమిటంటే, వైరస్ అంటని పేనుబంక జబ్బు మొక్కను కోరుకుంటుంది, అంటాక ఆరోగ్యంగా ఉన్న మొక్క వైపు దూకుతుంది. పార్టీ ఫిరాయింపులను శిక్షించే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద అనర్హత వేటు వేయదగిన కేసు. కానీ ఫిర్యాదు ఏ స్పీకరుకివ్వాలో తెలియదు. ఇక టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ సోకిన మగ తామరపురుగులైతే (ఇవీ మొక్క రసం పీల్చే బాపతే) మామూలు వాటికంటే మూడింతల దాకా ఎక్కువ సార్లు గుచ్చుతాయట. ఓవర్‌టైం అలవెన్సు ఊసు ఎక్కడా లేదు.

ఇదంతా నేను మనసులోనే అనుకుంటుండగా బాబాయి మందు డబ్బా భుజానికెత్తుకున్నాడు. ఇక ఆగలేక ఒక్క ముక్క అన్నాను.

"మందు తాగి చచ్చేలోగానే అది నాలుగు పాదులు గుచ్చేస్తుంది బాబాయ్. ఘాటుకి చెదిరిందంటే ఇంకా ఎక్కువ తిరుగుతుంది."

"అయితే చేతులు కట్టుకు కూర్చోమంటావేంట్రా?"

పంపు కొట్టాడు. రెక్కలొచ్చినవి నాలుగైదు లేచి, ఇంకా మచ్చ పడని పక్క సాలు వైపు వెళ్లాయి. మందు ఖర్చు, కూలి ఖర్చు బాబాయివే.