ఎనిమిది కోర్లు గెలిచాయా, సాకెట్ గెలిచిందా?

కూలర్ పట్టుకుని లాగితే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి చేతిలోకి వచ్చింది. కూలర్‌కీ చిప్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్ట్, ఎనిమిదేళ్ళ నాటిది, ఎండిపోయి బంకలా పట్టేసింది మరి. బోర్డు మీద చిప్ కూర్చునే సాకెట్‌కి ఉన్న లీవర్ ఎత్తకముందే చిప్ బయటికి వచ్చిందంటే పిన్నులు వంగే ఉంటాయని గుండె గుభేలుమంది. లైటు కిందికి తెచ్చి వరసలు వరసలుగా చూశాను. 1331 పిన్నుల్లో మూలనున్న రెండే కాస్త పక్కకి ఒరిగాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా నిలబెట్టాను. తప్పు నాదే. ముందు ఓ పావుగంట కంప్యూటర్‌ని పనిచేయించి, పేస్ట్ మెత్తబడ్డాక కూలర్‌ని అటూ ఇటూ తిప్పి తీయాలి.

ఆ చిప్ ఏఎండీ కంపెనీ రైజెన్ 7 1700. ఎలాగూ తీసేసి కొత్తది వేసేదే అయినా కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా బాబాయి కొడుక్కి ఇస్తానని మాటిచ్చాను. అందుకే ఆ టెన్షన్.

1700 మీద 2017లో జరిగినంత వాదన ఆ తర్వాత ఏ ప్రాసెసర్ మీదా జరిగినట్టు నాకు గుర్తులేదు. ఆ మార్చి 2న 329 డాలర్లకు ఎనిమిది కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే విడి భాగాలు), పదహారు థ్రెడ్లతో (ఒకేసారి నడిపే పనుల వరసలు) వచ్చింది. సుమారు అదే ధరలో ఇంటెల్ కోర్ ఐ7 7700కె ఉంది. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అంతకుముందు మామూలు డెస్క్‌టాప్‌లో ఇంటెల్ నాలుగు కోర్ల గీత దాటలేదు. 2007 జనవరిలో కోర్ 2 క్వాడ్ క్యూ6600 వచ్చింది, పదేళ్ళ తర్వాత 2017 జనవరిలో 7700కె వచ్చింది, కోర్లు మాత్రం నాలుగే. ఎనిమిది కావాలంటే ఐ7 6900కె లాంటి చిప్‌కి వెయ్యి డాలర్ల పైన పెట్టాలి, దాని బోర్డు ఖర్చు వేరే. అందులో మూడో వంతు ధరకే ఎనిమిది కోర్లు అనేసరికి సగం మంది పండగ చేసుకున్నారు. మిగతా సగం మంది 1080పీ రిజల్యూషన్‌లో గేముల వేగం చూపే చార్టులు తీసుకొచ్చి, 7700కె ముందుంది చూడండన్నారు.

ఇద్దరూ చెప్పింది నిజమే. కాకపోతే రెండు వర్గాలూ ఒక్కటే పేజీ చూశాయి, చిప్ విడుదలైన రోజు రాసిన స్కోరు పేజీ.

కోర్ల లెక్క ఎక్కడ తప్పుతుందో ముందు చూద్దాం. పెళ్ళి వంటలో ఎనిమిది మంది కూర్చుని కూరగాయలు తరిగితే పని గబగబా తెములుతుంది. పప్పు ఉడకడానికి పట్టే టైము మాత్రం ఒకరున్నా ఎనిమిది మందున్నా అంతే. 1967లో కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌దాల్ చెప్పిన సూత్రం ఇదే. ఒక పనిలో నూటికి 80 పాళ్ళు అందరూ పంచుకోగలిగినదైతే, నాలుగు కోర్లు దాన్ని రెండున్నర రెట్లు వేగంగా చేస్తాయి. ఎనిమిది కోర్లు పెడితే ఐదు రెట్లు కాదు, 3.3 రెట్లే. పదహారు పెట్టినా నాలుగు రెట్లకు మించదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (బొమ్మను తయారుచేయడం), వీడియో ఎన్‌కోడింగ్ లాంటివి దాదాపు మొత్తం తరుగుడు పనే, అక్కడ 1700 దుమ్ము దులిపింది. ఆ కాలం గేముల్లో ఉడికే పప్పే ఎక్కువ, అక్కడ 4.5 గిగాహెర్ట్జ్ క్లాక్ (కోర్ నడిచే వేగం) దాకా వెళ్ళే 7700కె కోర్ ఒక్కొక్కటీ 3.7 దగ్గర ఆగిపోయే 1700 కోర్ కంటే బలమైనది.

దానికి తోడు 1700 ఎనిమిది కోర్లూ ఒకే ఇంట్లో లేవు. నాలుగేసి కోర్లు రెండు వాటాలుగా, ఒక్కో వాటాకి ఎనిమిది ఎంబీల ఎల్3 క్యాష్‌తో (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) కాపురం. ఈ వాటా కోర్‌కి ఆ వాటా కోర్‌తో పనిబడితే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారిలో వెళ్ళాలి, ఆ దారి వేగం ర్యామ్ వేగాన్ని బట్టి ఉంటుంది. అందుకే రైజెన్ కొని నాసిరకం స్లో ర్యామ్ వేసుకున్నవాళ్ళు చేజేతులా నష్టపోయారు.

ధర లెక్కలోనూ చార్టుల్లో కనిపించని మాటలున్నాయి. 1700 డబ్బాలో మంచి కూలరే ఇచ్చారు, 7700కె డబ్బాలో అసలు కూలరే లేదు. 7700కెని ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపాలంటే, జెడ్270 లాంటి ఖరీదైన బోర్డు కావాలి, 1700కి ఓ మోస్తరు బీ350 బోర్డు చాలు. అటువైపు చూస్తే, 7700కెలో గ్రాఫిక్స్ లోపలే ఉంది. 1700కి గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు, ఆఫీసు పనికి కొనుక్కునేవాడికి అది దండగ ఖర్చు. అన్నిటికన్నా దండగ, నన్నడిగితే, 499 డాలర్ల 1800ఎక్స్. సిలికాన్ అదే, కోర్లు అవే, కాస్త ఎక్కువ క్లాక్ కోసం 170 డాలర్లు అదనం. 1700ని మనమే కొంచెం పెంచుకుంటే చాలావరకు దాని దగ్గరికే వెళ్ళేది.

ఇక అసలు సంగతి.

7700కె వచ్చిన తొమ్మిది నెలలకే, 2017 అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్ల 8700కె తెచ్చింది. సాకెట్ పేరు అదే, పిన్నుల సంఖ్య అదే, అయినా పాత బోర్డులో పనిచేయదు. కొత్త బోర్డు కొనాల్సిందే. 1700 కొన్నవాళ్ళ దారి వేరు. 1700 కూర్చునే ఏఎం4 సాకెట్‌లో ఆ తర్వాత రెండో తరం, మూడో తరం రైజెన్లు, 2020లో 5000 సిరీస్ వచ్చాయి. 2022 ఏప్రిల్లో వచ్చిన 5700ఎక్స్ 2017 నాటి బీ350 బోర్డులోనూ కూర్చుంటుంది. 1700నీ 5700ఎక్స్‌నీ పక్కపక్కన పెడితే తమాషాగా ఉంటుంది. అదీ ఎనిమిది కోర్లే, ఇదీ ఎనిమిది కోర్లే. రెండింటి డబ్బా మీదా 65 వాట్లే. కానీ కొత్తదాంట్లో ఎనిమిది కోర్లూ ఒకే వాటాలో ఉండి 32 ఎంబీల క్యాష్‌ని కలిసి వాడుకుంటాయి, క్లాక్ 4.6 దాకా వెళ్తుంది. కోర్ల సంఖ్య చూసి ప్రాసెసర్ కొనేవాళ్ళకి ఈ జంట కంటే మంచి పాఠం ఉండదు.

ఇదంతా ఏఎండీ మంచితనం అనుకోనక్కర్లేదు. 2020 మేలో పాత 400 సిరీస్ బోర్డులకి 5000 సిరీస్ ఇవ్వబోమనే చెప్పింది, కొన్నవాళ్ళు గోల చేశాక మాట మార్చుకుంది. బీ350 లాంటి 300 సిరీస్ బోర్డులకి తలుపు తీసింది 2022లో, అంటే ఇంటెల్ 12వ తరం వచ్చి గట్టి పోటీ ఇచ్చాక. పోటీ లేకపోతే మన పాత బోర్డులు గోవిందే. పైగా చాలా బోర్డుల్లో బయోస్ (బోర్డును నిద్రలేపే సాఫ్ట్‌వేర్) దాచుకునే చోటు 16 ఎంబీలే, అన్ని తరాల చిప్‌ల వివరాలూ అందులో పట్టవు. పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చెత్తబుట్టకే. యూపీఎస్ పక్కనే ఉన్నా, ఆ అప్‌డేట్ గీత నూటికి వంద చేరేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ఈ తలుపు విలువ పూర్తిగా తెలిసింది 2025 అక్టోబరు 14న, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసిన రోజున. విండోస్ 11 అధికారిక జాబితాలో 7700కె లేదు, 1700 కూడా లేదు. ఎనిమిది కోర్లుండీ ప్రయోజనం లేకపోయింది, అక్కడ ఇద్దరూ సమానమే. తేడా ఏమిటంటే, 7700కె వాడేవాళ్ళు ప్రాసెసర్‌తోపాటు బోర్డునీ మార్చుకోవాలి, చాలాసార్లు ర్యామ్‌నీ. నేను చిప్ ఒక్కటే మార్చాను. బోర్డు, ర్యామ్, చివరికి 1700తో వచ్చిన కూలర్ కూడా అలాగే ఉన్నాయి. 2017లో ఏ స్కోరు చార్టులోనూ లేని గడి ఇదే, నా డబ్బు మిగిలింది ఆ గడిలోనే.

అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్త మెషీన్ గురించి అడిగితే కోర్ల గురించి చివర్లో మాట్లాడతాను. రోజంతా ఏం పని చేస్తారు, ఆ బోర్డులో ముందు ముందు ఇంకేం పడతాయి అన్నది ముందు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ పైన కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది. మాట మార్చిన చరిత్ర ఉన్నా, చివరికి నిలబెట్టుకున్న చరిత్ర కూడా ఉంది కాబట్టి దానికి కొన్ని మార్కులు వేస్తాను. ఏడాదికోసారి మెషీన్ మార్చేవాళ్ళకి ఇవేవీ పట్టవు.

పాత 1700 సంగతి చెప్పలేదు కదూ. 2017 తొలి నెలల్లో తయారైన కొన్ని రైజెన్లు లైనక్స్‌లో ఒకేసారి బోలెడు ఫైళ్ళు కంపైల్ చేస్తుంటే (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మారుస్తుంటే) సెగ్మెంటేషన్ ఫాల్ట్ అనే మెమరీ తప్పుతో పడిపోయేవి. ఆ ఆగస్టులో ఏఎండీ సమస్య నిజమేనని ఒప్పుకుని, అడిగినవాళ్ళకి చిప్‌లు మార్చి ఇచ్చింది. విడుదల రోజు రివ్యూల్లో ఇది ఎవరి కంటా పడలేదు. మా తమ్ముడు వాడేది లైనక్సే. చిప్ మీద పేస్ట్ తుడిచి చూస్తే నాది కూడా ఆ తొలి నెలల్లోదే. రాత్రంతా లైనక్స్ కెర్నల్ (దాని మూలభాగం) మళ్ళీ మళ్ళీ కంపైల్ అయ్యేలా పెట్టి చూడరా అన్నాను. పొద్దున్నే ఫోన్ చేశాడు. ఒక్కసారి కూడా పడిపోలేదట. రాత్రంతా కంప్యూటర్ ఎందుకు ఆన్‌లో ఉందని బాబాయి మాత్రం పొద్దుటి నుంచీ ఒకటే క్లాసట.