సవరణ: సెలీనియం మాత్రల గురించి

సెలీనియం (ఒంటికి చాలా కొద్దిగా కావాల్సిన ఒక ఖనిజం) ఇచ్చిన చిట్టెలుకల్లో రొమ్ము కణితులు తగ్గాయని మొన్న రాశాను. అది చదివి, "మా నాన్నకు మాత్రలు కొనమంటారా?" అని కావలి నుంచి ఒకరు అడిగారు. కొనకండి. ఆ వాక్యానికి ఇది కలిపి చదవండి: 1970ల నాటి ఆ ప్రయోగాల్లో వాడినవి వైరస్ వల్ల కణితులు వచ్చే జాతి చిట్టెలుకలు; కాబట్టి ఆ ఫలితం మనుషులకు నేరుగా వర్తించదు. మనుషుల మీద పెద్ద పరీక్ష 2001లో అమెరికాలో మొదలైంది. 35 వేలకు పైగా మగవాళ్లలో కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చారు. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గలేదు. 2008లో మాత్రలు ఆపించేశారు. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు. మోతాదు మించి చాలాకాలం వాడితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసవుతాయి. సముద్రపు చేపలు, గుడ్లు తినే మన నెల్లూరు ఇళ్లలో దీని కోసం టెన్షన్ ఎందుకండీ? డాక్టరు రాస్తే తప్ప నాన్నగారికి ఇవ్వొద్దు.