ఏనుగు ఎదురైతే హారన్ కొట్టమంటున్న ఆ మెసేజ్ గురించి

వేసవి సెలవులు దగ్గర పడేసరికి ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరింది. ‘ఏజెంట్లకు లక్షలు పోయకండి, దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో కారు మీరే నడుపుకుంటూ సఫారీ చేయండి, ఇవిగో పది చిట్కాలు’ అని మొదలై ‘పిల్లలున్న ప్రతి గ్రూపుకూ పంపండి’ అని ముగుస్తుంది. పంపమన్నారు కాబట్టి అందరూ పంపుతున్నారు. నాలుగో చిట్కా ఒక్కసారి నిదానంగా చదివిన వాళ్లెవరూ దాన్ని పిల్లల తల్లిదండ్రులకు పంపరని నా నమ్మకం.

అందుకే దానితోనే మొదలుపెడతాను. ‘ఏనుగు దారికి అడ్డొస్తే భయపడొద్దు. ఇంజన్ ఆపేసి, రెండు మూడుసార్లు హారన్ కొట్టి, లైట్లు వేయండి. అదే తప్పుకుంటుంది’ అట. మదపుటేనుగు అన్న మాట మన భాషలో ఎందుకు పుట్టిందో తెలిసిన వాళ్లు రాసే వాక్యమేనా ఇది?

ఎదిగిన మగ ఏనుగు ఆరు టన్నుల దాకా తూగుతుంది. అద్దెకు దొరికే చిన్న కారు, అందులోని నలుగురితో కలిపినా ఒకటిన్నర టన్ను ఉండదు. కోపంతో ఉరికే ఏనుగు గంటకు పాతిక కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కంకర రోడ్డు మీద మెడ వెనక్కి తిప్పి, మలుపులు చూసుకుంటూ రివర్స్‌లో మీరు ఆ వేగం నిలబెట్టలేరు. కాబట్టి మీకున్న రక్షణ ఒక్కటే, దూరం. ఒంటరి ఏనుగుకు కనీసం 50 మీటర్లు, గున్నలున్న మందకు దానికి రెట్టింపు వదలండి. హారన్ ఆ దూరాన్ని పెంచదు. అప్పటిదాకా మిమ్మల్ని పట్టించుకోని జంతువును మీ వైపు తిప్పుతుంది.

ఇంజన్ ఆపడమూ తప్పే. ఏనుగు దగ్గరికొచ్చాక స్టార్ట్ చేస్తే ఆ చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. రోడ్డు మీద ఏనుగు కనబడిన క్షణంలో చేయాల్సింది ముందు అద్దంలో వెనక చూడటం. వెనక ఇంకో కారు అంటుకుని ఉంటే మీకు దారి లేనట్టే; చెయ్యి ఊపి వాళ్లను వెనక్కి జరగమనండి. ఇంజన్ నడుస్తూనే ఉండాలి. మలుపు దాటగానే ఏనుగు కనబడితే మలుపు వెనక్కే పోవాలి. మంద రోడ్డు దాటుతుంటే ముందు నాలుగు దాటాయి కదా అని బండి పోనివ్వకండి. పెద్ద ఆడ ఏనుగు ముందుండి నడిపిస్తుంది, గున్నలు నడిమధ్యలోనో చివర్లోనో వస్తాయి. తల్లి రోడ్డుకు ఇటు, గున్న అటు, మధ్యలో మీ కారు: ఇంతకంటే చెడ్డ చోటు క్రూగర్ మొత్తంలో లేదు.

మగ ఏనుగైతే కణతలు చూడండి. కన్నుకూ చెవికీ మధ్య నుంచి గడ్డం దాకా తడి చార కారుతూ ఉంటే, వెనక కాళ్ల లోపలి వైపు మూత్రంతో తడిసి ఉంటే, తల మామూలు కంటే ఎత్తి నడుస్తుంటే అది మదంలో ఉంది. ఘాటైన వాసన కారులోకే వస్తుంది. అప్పుడు ఫొటో మాట మరిచిపోయి వందల మీటర్లు వెనక్కి వెళ్లండి. అది రోడ్డు మీదే తాపీగా మీ వైపు నడుస్తూ వస్తే అది నడిచినంత సేపూ మీరు వెనక్కి పోతూనే ఉండాలి. అరగంట పట్టినా సరే. పక్క రోడ్డు దొరికితే అందులోకి తిరగండి.

చాలాసార్లు అది ముందే చెబుతుంది. చెవులు చప్పుడయ్యేలా తల విదిలించడం, దుమ్ము ఎగజల్లడం, ముందు కాలు ఊపుతూ నిలబడటం, ఇవన్నీ ‘జరుగు’ అనడమే. చెవులు విప్పార్చి ఘీంకరిస్తూ నాలుగడుగులు ఉరికి ఆగిపోతే అది బెదిరింపు. చెవులు వెనక్కి అణచి, తొండం కిందికి ముడిచి, చప్పుడు లేకుండా వస్తే మాత్రం అది ఆగడానికి రావట్లేదు. ఈ తేడా తెలియని వాళ్లకు హారన్ కొట్టమని చెప్పడం ఎంత బాధ్యతారాహిత్యమో ఆలోచించండి. 2013 డిసెంబర్ చివర్లో ఇదే క్రూగర్‌లో ఓ మగ ఏనుగు ఒక జంట కూర్చున్న కారును తిరగేసింది. కారులోని మహిళకు తీవ్ర గాయమైంది. ఆ ఏనుగును తర్వాత చంపేశారు. మనుషులు దగ్గరికెళ్తే చివరికి చచ్చేది తరచూ జంతువే. ఇది మెసేజ్ రాసిన వాళ్లకు ఎందుకు పట్టలేదో నాకు అర్థం కాదు.

ఐదో చిట్కా కూడా దాదాపు ఇంత చెడ్డదే: ‘సింహం కారును ఒకే పెద్ద వస్తువుగా చూస్తుంది. కాబట్టి పిల్లల్ని సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టినా ఏమీ కాదు. అవసరమైతే అటూ ఇటూ చూసుకుని ఒక నిమిషం దిగొచ్చు.’ మొదటి వాక్యంలో నిజముంది. ఆ నిజమే రెండో వాక్యాన్ని కొట్టేస్తుంది. కారు, మనుషులు కలిసి ఒకే ఆకారంగా కనిపించినంత సేపే సింహం పట్టించుకోదు. ఆ ఆకారంలోంచి చిన్న తల ఒకటి పైకి లేచి, చేతులాడిస్తూ కీచుమని అరిస్తే దాని చూపు అక్కడే నిలుస్తుంది. కిటికీలోంచి గానీ సన్‌రూఫ్‌లోంచి గానీ ఒంట్లో ఏ భాగమూ బయటికి రాకూడదన్నది పార్కు నియమం, జరిమానా కూడా ఉంది. 2015 జూన్‌లో జోహన్నెస్‌బర్గ్ దగ్గరి ఒక సింహాల పార్కులో తెరిచిన కిటికీలోంచే ఆడసింహం ఓ పర్యాటకురాలిని చంపింది. ఆవిడ కారు దిగలేదు, సీట్లోనే ఉంది. కారు పక్కన సింహాలున్నప్పుడు అద్దాలు పూర్తిగా ఎత్తండి. వెనక డోర్లకు చైల్డ్ లాక్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే వేసేయండి. మూడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు అక్కడ చట్టం, బుకింగ్‌లోనే అడగండి.

దిగడం సంగతి. 2024 జులైలో దక్షిణాఫ్రికాలోనే ఉన్న పిలానెస్‌బర్గ్ పార్కులో ఒక పర్యాటకుడు ఫొటో కోసం కారు దిగి, గున్నలున్న మంద వైపు నడిచాడు. తోటివాళ్లు కళ్లప్పగించి చూస్తుండగానే ఏనుగులు తొక్కి చంపాయి. ఫొటో కోసం దిగనివాళ్లు కూడా పిల్లాడికి ఒంటేలు వచ్చిందని దిగుతారు; అసలు ఇబ్బంది అక్కడుంది, దానికి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. దిగనిచ్చేది క్యాంపుల్లో, పిక్నిక్ స్పాట్లలో, ఇంకా బోర్డు పెట్టిన కొన్ని చోట్ల, కొన్ని వంతెనల మీద గీతల మధ్యన మాత్రమే. స్కుకుజా క్యాంపు నుంచి లోయర్ సబీ క్యాంపుకు వెళ్తుంటే మధ్యలో న్‌కూలు, స్కుకుజా నుంచి సతారా క్యాంపుకు వెళ్తుంటే త్షోక్వానే, మలెలాన్ గేటు నుంచి స్కుకుజా వస్తుంటే అఫ్సాల్ అలాంటి పిక్నిక్ స్పాట్లు. వీటి మధ్య ఒక్కో విడత గంటన్నర పట్టొచ్చు. దారిలో సింహాలు కనబడితే ఇంకో గంట. మూత బిగుసుకునే వెడల్పాటి సీసా, చిన్న పిల్లలకు పాటీ, పాత తువ్వాలు, తడి టిష్యూలు కారులో పెట్టుకోండి. ప్రతి ఆగే చోటా ‘రావట్లేదు’ అన్నా తీసుకెళ్లండి.

ఏడోది: ‘మనం ఇండియన్లం, మలేరియా మనకు కొత్తా? మాత్రలు దండగ.’ మలేరియా వచ్చి తగ్గిన వాళ్లలోనే ఆ తట్టుకునే శక్తి కొద్దికాలం ఉండి పోతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లకు, డాలస్‌లో పుట్టిన పిల్లాడికి అది ఎక్కడిది? క్రూగర్‌లో ఉండేది ఫాల్సిపారం రకం, మెదడుకు ఎక్కేది. సెప్టెంబర్ నుంచి మే దాకా ప్రమాదం ఎక్కువ. జూన్, జులై, ఆగస్టుల్లో బాగా తక్కువ, కానీ సున్నా కాదు. అక్కడ క్లోరోక్విన్ పనిచేయదు, ఇంట్లో ఉన్న పాత మాత్రలు తీసుకెళ్లి లాభం లేదు. అటోవక్వోన్-ప్రొగ్వానిల్ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఉన్నన్నాళ్లూ రోజూ వేసుకుని, బయటికొచ్చాక ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే బయటికొచ్చాక నాలుగు వారాలు, అదీ ఎనిమిదేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వరు. పిల్లల మోతాదు బరువును బట్టి, డాక్టరే రాయాలి. ఐదేళ్లలోపు పిల్లలున్నా, గర్భిణులున్నా మలేరియా కాలంలో క్రూగర్ మానేయండి. పిలానెస్‌బర్గ్, ఆడో ఏనుగుల పార్కు రెండూ మలేరియా లేని చోట్లే, రెండింటిలోనూ మీ కారు మీరే నడుపుకోవచ్చు. తిరిగొచ్చాక ఎప్పుడు జ్వరం వచ్చినా, రెండు నెలలైనా, డాక్టరుకు ముందు చెప్పాల్సిన మాట ‘ఆఫ్రికా వెళ్లొచ్చాం’. అది చెప్పకపోతే వైరల్ జ్వరమని పారాసిటమాల్ ఇచ్చి పంపే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మెసేజ్‌లో మొదటి రెండు చిట్కాలు, చిన్న కారు చాలు, గైడ్ అక్కర్లేదు అన్నవి, నిజం. గైడ్ జీపుల వ్యాపారం చేసేవాళ్లు కాదన్నా సరే, ఇది నిజమే. క్రూగర్ ముఖ్యమైన రోడ్లు తారువి, కంకర రోడ్లు కూడా మామూలు సెడాన్ నడిచేవే. ఎత్తైన కారైతే గడ్డి మీదుగా కాస్త బాగా కనబడుతుంది, అంతే. చిన్న పిల్లలున్న వాళ్లకైతే సొంత కారే మేలు: నిద్రపోతారు, తింటారు, విసుగొస్తే వెనక్కి తిరగొచ్చు. పార్కు వాళ్ల సఫారీ జీపుల్లోకి ఆరేళ్లలోపు పిల్లల్ని అసలు ఎక్కించుకోరు. మన వేసవి సెలవుల సమయం కూడా బాగా కుదిరింది. మే, జూన్‌లలో అక్కడ చలికాలం మొదలు, గడ్డి ఎండుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి. పెద్ద పిల్లలుంటే మాత్రం క్యాంపు నుంచి ఒక్క రాత్రి సఫారీకి వెళ్లండి. చీకటి పడ్డాక మీ కారు బయటికి రానివ్వరు కాబట్టి దానికి వేరే దారి లేదు.

కానీ ‘ఒక్క రోజులో పార్కంతా’ అన్న ఆరో చిట్కా రాసినవాళ్లు మ్యాప్ చూడలేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు 360 కి.మీ., వైశాల్యం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. తారు మీద 50, కంకర మీద 40 పరిమితి. ఆగుతూ పోతే సగటున గంటకు 20 నుంచి 25 లెక్కేసుకోండి. స్కుకుజా నుంచి సతారా 90 కి.మీ. పైనే, అంటే నాలుగు గంటలు. జూన్, జులైలలో గేట్లు పొద్దున 6కి తెరిచి సాయంత్రం 5:30కి మూస్తారు. నాలుగింటికి క్యాంపుకు 60 కి.మీ. దూరంలో ఉంటే అప్పటికే ఆలస్యమైపోయారు. గాబరాగా వేగం పెంచినప్పుడే ఇంపాలా జింకలు బండి కింద పడతాయి. మూడు రాత్రులుంటే లోయర్ సబీలో ఒకటి, సతారాలో రెండు పెట్టుకోండి. సతారా దాటి పైకి పోకండి.

చివరి మూడు చిట్కాలు పెట్రోల్ డబ్బాలు వెంట పెట్టుకోమని, కోతులకు బిస్కెట్లు వేయమని, ఎల్లో ఫీవర్ టీకా అందరికీ తప్పనిసరని. పెట్రోల్ డబ్బాలు వద్దు. పెద్ద క్యాంపుల్లో బంకులున్నాయి. ఎండలో నిలిపిన కారులో పెట్రోల్ డబ్బా, పక్కన పిల్లలు, అవసరమా? కోతులకు బిస్కెట్లు అసలే వద్దు. తిండికి అలవాటు పడ్డ బబూన్ కిటికీలోంచి చెయ్యి పెడుతుంది, చివరికి దాన్నే కాల్చేస్తారు. క్యాంపు గది వరండాలోని ఫ్రిజ్‌ను కోతులు తెరవకుండా మూసిపెట్టండి. ఎల్లో ఫీవర్ టీకా ‘అందరికీ తప్పనిసరి’ కాదు. ఆ జ్వరం ఉన్న దేశం నుంచి వచ్చేవాళ్లకు, అలాంటి దేశపు ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగేవాళ్లకు కావాలి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లేవాళ్లు ఆగే సమయం చూసుకోండి. కెన్యా కూడా కలిపి తిరిగే వాళ్లకు టీకా కార్డు ఇండియాలో దిగేటప్పుడూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి.

మిగిలింది మూడోది, దారి. మెసేజ్‌లోని మ్యాప్ లింకు మిమ్మల్ని పార్కు నుంబి గేటుకు తీసుకెళ్తుంది. 2022 అక్టోబర్‌లో ఆ గేటు దారిలోనే జర్మన్ పర్యాటకుల కారును అటకాయించి, డ్రైవింగ్ సీట్లోని మనిషిని కాల్చి చంపారు. కొద్ది కిలోమీటర్ల కోసం ఆ దారి వద్దు. జోహన్నెస్‌బర్గ్ నుంచి ఎన్4 టోల్ రోడ్డు మీదే మలెలాన్ గేటుకు గానీ, ఇంకాస్త ముందుకెళ్లి క్రొకడైల్ బ్రిడ్జ్ గేటుకు గానీ వెళ్లండి. నాలుగైదు గంటల ప్రయాణం, పూర్తిగా పగలే చేయాలి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, రాత్రంతా నిద్ర లేకుండా దిగుతారు. ఆ రాత్రికి ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకోండి. మర్నాడు కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్, లాక్ నట్ తాళం నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. టైర్లకు, అద్దాలకు, కింది భాగానికి ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. పార్కులో పంక్చరైతే దిగకండి. గేటు దగ్గర ఇచ్చిన కాగితం మీది అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే వచ్చే కారును ఆపి, తర్వాతి క్యాంపులో చెప్పమనండి.