సవరణ: సెల్లార్ గోడకి లోపల రంగేస్తే చాలన్న మాట తప్పు

అమలాపురంలో మా సెల్లార్‌ని, అంటే నేల కింద గదిని, పిల్లల చదువుల గదిగా మార్చామనీ, లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండుసార్లు వేస్తే చెమ్మ ఆగిపోయిందనీ మే నెలలో రాశాను. వెనక్కి తీసుకుంటున్నానండీ.

చెమ్మ ఆపింది పెయింట్ కాదు. అప్పటికి పొలాల కాలవలకి నీళ్లు ఆపేసి ఉన్నారు, అందుకే చెమ్మ లేదు. జూన్‌లో నీళ్లు వదిలి, వరి నాట్ల ముందు పొలంలో నీళ్లు పెట్టి దున్నే దమ్ములు మొదలయ్యేసరికి భూమిలో నీటిమట్టం పైకొచ్చింది, గోడంతా అప్పడంలా పొక్కులు లేచింది. గోడ బయట ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే, గోడ అడుగున చదరపు మీటరుకి సుమారు 1000 కిలోల తోపుడు ఉంటుంది. లోపలి పెయింట్‌ని ఆ నీరు వెనక నుంచి నెట్టేస్తుంది.

అసలు పూత బయటివైపే వెయ్యాలి. తవ్వే వీల్లేకపోతే పెయింట్, ప్లాస్టరింగ్ చెక్కేసి, కాంక్రీటు రంధ్రాల్లోకి ఇంకి స్ఫటికాలు కట్టే సిమెంటు పూత వెయ్యాలి. ఇటుక గోడకి దాన్ని నమ్ముకోకండి. గోడా నేలా కలిసేచోట గాడి కొట్టి పూడ్చాలి. ఊరిన నీటిని తోడెయ్యడానికి మూల చిన్న గుంట, మోటారు తప్పవు. కరెంటు పోతే ఏంటన్నది మా ఆవిడ ప్రశ్న, ఇన్వర్టర్ బేరం నడుస్తోంది.

మేలో రాసినప్పుడు గోడ మీద తెల్లపొడిని బూజన్నాను. అది ఉప్పు, బ్లీచింగ్‌తో పోదు.

‘మా బేస్‌మెంట్ మూడడుగులు, మాకూ ఇదేనా’ అని ఒకరడిగారు. కాదండీ, మీరనేది పునాది మీద ఎత్తు. నేను చెప్పేది నేల కింద గది.